కరెంటు లేని రోజుల్లో వంట: తుపాను ఊళ్లలో నేర్చుకున్న పద్ధతి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. మరునాడు గాలి తగ్గేసరికి మా ఇంట్లో బియ్యానికీ, పప్పుకూ, కూరగాయలకూ కొదవ లేదు. అయినా ఆ ఒక్క రోజులోనే సగం తిండి పారబోయవలసి వచ్చింది. ఫ్రిజ్‌లో ఏమున్నాయో చూడడానికి గంటకోసారి తలుపు తీశాము, సాయంత్రానికి పాలు విరిగిపోయాయి. రెండు పూటలకూ సరిపోతుందని ఒకేసారి పెద్ద గిన్నెడు అన్నం వండాము, రాత్రికి అది జిగురెక్కి వాసన వేసింది. నీళ్ల విషయంలో మరీ పెద్ద పొరపాటు చేశాము. మోటారు ఆడదన్న సంగతి తెలిసి కూడా ట్యాంకులో ఉన్న నీళ్లను అంట్లు తోమడానికే వాడేశాము. మా వీధికి కరెంటు ఆరో రోజున వచ్చింది. ఆ ఆరు రోజుల్లో మేము తెలుసుకున్నవాటినీ, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని దెబ్బతీసినప్పుడు అక్కడి మా బంధువుల ఇళ్లలో చూసినవాటినీ కలిపి, రెండు మూడు రోజులకు మించి కరెంటు రాని పరిస్థితిలో వంటిల్లు ఎలా నడపాలో ఇక్కడ వివరిస్తున్నాను.

గంటా రెండు గంటల కోతకు ఇంత ఏర్పాటు అవసరం లేదు. స్తంభాలు నేలకొరిగినప్పుడు, లేదా 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు జరిగినట్లు ప్రమాదం కలగకుండా సరఫరానే ఆపివేసినప్పుడు, వంట పద్ధతినే మార్చుకోవాలి. ఆ మార్పు అంతటికీ మూలమైన మాట మా అమ్మ మొదటి రోజు సాయంత్రమే చెప్పింది: "ముందు పాడయ్యేది ఏదో చూసి, దాన్నే ముందు పొయ్యి ఎక్కించాలి." ఏమి తినాలని ఉందో కాక, ఏది ఎంతసేపు నిలుస్తుందో చూసి వంట నిర్ణయించుకుంటే తిండి, గ్యాస్, నీళ్లు మూడూ మిగులుతాయి.

పొయ్యి సంగతి

ఇండక్షన్ స్టవ్ ఒక్కటే ఉన్న ఇల్లు ఇలాంటి రోజుల్లో అందరికంటే ఇబ్బంది పడుతుంది. అది 1,200 నుంచి 2,000 వాట్ల దాకా లాగుతుంది. ఫ్యాన్లకూ దీపాలకూ పెట్టుకున్న మామూలు ఇన్వర్టరు ఆ భారాన్ని మోయలేక ఆగిపోతుంది, లేదా బ్యాటరీని కొద్దిసేపట్లోనే ఖాళీ చేస్తుంది. కరెంటు రైస్ కుక్కరు, కెటిల్ విషయంలోనూ అంతే. ఇన్వర్టరులో ఉన్న శక్తిని వంటకు కాక దీపానికీ ఫోనుకూ మిగుల్చుకోవడం మేలు. ఇండక్షన్ వాడే ఇంట్లో కూడా ఒక గ్యాస్ పొయ్యినీ, కనీసం 5 కిలోల చిన్న సిలిండరునూ ఉంచుకోవాలని నేను గట్టిగా చెబుతాను. 14.2 కిలోల సిలిండరు వాడేవారు తుపాను హెచ్చరిక రాగానే రెండో సిలిండరు నిండుగా ఉందో లేదో చూసుకోవాలి. లిఫ్టు ఆగిన తర్వాత నాలుగో అంతస్తుకు సిలిండరు మోసుకుపోవడం ఎంత కష్టమో అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి వేరే చెప్పనక్కరలేదు.

దానంతటదే వెలిగే పొయ్యిలలో కొన్నింటికి చిన్న బ్యాటరీ ఉంటుంది, అది అయిపోతే అగ్గిపుల్లతో వెలిగించుకోవచ్చు. అయితే పుల్ల గీసే ముందు ఒక జాగ్రత్త తప్పనిసరి. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది కనుక లీకైతే నేలమట్టాన చేరి నిలుస్తుంది. తుపానుకు కిటికీలన్నీ బిగించి ఉంచిన ఇంట్లో అది బయటకు పోయే దారి ఉండదు. అందువల్ల ఉదయం వంటింట్లోకి వెళ్లగానే ముందు కిటికీ తెరిచి, వాసన చూసి, ఆ తర్వాతే అగ్గిపెట్టె ముట్టుకోవాలి. వాసన ఉంటే రెగ్యులేటరు ఆపి, దీపం కానీ స్విచ్ కానీ వేయకుండా అందరూ బయటకు వచ్చి 1906కు ఫోను చేయాలి. చిమ్నీ ఆడదు కనుక వంట జరుగుతున్నంతసేపూ కిటికీ తెరిచే ఉండాలి. వరదలో మునిగిన సిలిండరునూ, గొట్టాన్నీ, రెగ్యులేటరునూ తుడిచి వాడేయకూడదు. గ్యాస్ ఏజెన్సీ మనిషి వచ్చి చూసిన తర్వాతే వాటిని వెలిగించాలి.

గ్యాస్ అయిపోయినవారు మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుంటారు. తుపాను తర్వాత విరిగిన కొమ్మలకు లోటు ఉండదు కానీ పచ్చికట్టె మండదు, పొగ మాత్రం కళ్లు తెరవనివ్వదు. ఉద్దానంలో మా పిన్ని ఏటా ఆశ్వయుజం రాకముందే ఎండు కొబ్బరిమట్టలూ, డొక్కలూ, చిప్పలూ ఒక గోనెడు అటక మీద పెట్టి ఉంచేది. తిత్లీ వెళ్లిన వారం రోజులూ ఆ గోనె రెండు ఇళ్లకు వంట చేసిపెట్టింది. కొబ్బరిచిప్ప నిలకడగా, వేడిగా మండుతుంది. దాన్ని అడుగున రాజేసి, తడి కట్టెను పొయ్యి పక్కన ఆరబెట్టుకుంటూ ఒక్కొక్కటిగా లోపలికి తోయాలి. మంట అందుకోవడం లేదని పెట్రోలు కానీ కిరోసిన్ కానీ పోయడం ఒళ్లు కాల్చుకోవడమే. గిన్నె అడుగుకు పొయ్యి ఎక్కించే ముందే బయటివైపు తడి మట్టి కానీ బూడిద ముద్ద కానీ పూసి ఉంచితే, మసి దానితోపాటే రాలిపోయి తోమే నీళ్లు సగానికి సగం తగ్గుతాయి.

బొగ్గుల కుంపటి గురించి ఒక్క మాట మాత్రం మరచిపోవద్దు. కుంపటిని డాబా మీదో, గాలి బాగా ఆడే వసారాలోనో పెట్టుకోవాలి తప్ప గదిలో పెట్టకూడదు. బొగ్గు నిప్పు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. పొగ కనబడడం లేదు కదా అని తలుపులు మూసి పడుకున్నవారు నిద్రలోనే ప్రాణాలు పోగొట్టుకుంటారు. జనరేటరుకూ ఇదే వర్తిస్తుంది, దాన్ని వసారాలో కూడా పెట్టకుండా కిటికీలకు దూరంగా ఆరుబయటే ఉంచాలి.

నీళ్లు

మోటారు ఆడదు, నీళ్లు శుద్ధిచేసే యంత్రం పనిచేయదు. హెచ్చరిక వచ్చిన రోజే బిందెలూ, బకెట్లూ, పెద్ద కుక్కరూ అన్నీ నింపుకొని, తాగే నీళ్లనూ వాడుక నీళ్లనూ వేర్వేరుగా ఉంచుకోవాలి. నిల్వ నీళ్లు అయిపోయి బావి నీళ్లో ట్యాంకరు నీళ్లో తెచ్చుకుంటే, బట్టతో వడకట్టి, తెర్లుతూ కనీసం ఒక నిమిషం మరిగించి తాగాలి. పటిక వేస్తే మడ్డి అడుగుకు దిగి నీళ్లు తేటపడతాయి కానీ క్రిములు చావవు కనుక, పటిక వేసిన నీళ్లనూ మరిగించవలసిందే. గ్యాస్ తక్కువగా ఉంటే ఆరోగ్య సిబ్బంది పంచే క్లోరిన్ బిళ్లలను చీటీ మీద రాసిన కొలత ప్రకారం వేసి, అరగంట ఆగి వాడుకోవచ్చు. పాతకాలపు క్యాండిల్ ఫిల్టరు ఇంట్లో ఉంటే దాన్ని దింపి కడగండి, దానికి కరెంటుతో పని లేదు.

నీళ్ల పొదుపు వంట ఎంపికతోనే మొదలవుతుంది. అన్నం వార్చడం మానేసి అత్తెసరు పెట్టాలి. ఎవరికైనా గంజి కావాలనిపించి వార్చితే ఆ గంజిని పారబోయకుండా ఉప్పూ మజ్జిగా కలిపి తాగాలి. అరటాకులో, విస్తరాకులో భోంచేస్తే కంచాలు కడిగే పనే ఉండదు. తుపాను తర్వాత పడిపోయిన అరటిచెట్ల ఆకులు ఎక్కడ చూసినా ఉంటాయి, కానీ వాటిని మంచినీళ్లతో తుడిచి వాడాలి, వరదనీళ్లు తగిలినవాటిని అసలు ముట్టుకోకూడదు. కూరగాయలు కడిగిన నీళ్లను మొదటి విడత అంట్లకు వాడుకోవచ్చు.

ఫ్రిజ్ ఖాళీ చేసే వరస

కరెంటు పోయిన తర్వాత తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ దాదాపు 4 గంటలు చల్లదనాన్ని నిలుపుతుంది. నిండుగా ఉన్న ఫ్రీజరు దాదాపు 48 గంటలూ, సగం నిండినది 24 గంటలూ నిలుపుతాయి. ఖాళీ ఉన్న చోట ముందు రోజే నీళ్ల సీసాలు గడ్డకట్టించి పెట్టుకుంటే ఆ చల్లదనం ఎక్కువసేపు ఉంటుంది, కరిగాక అవే తాగే నీళ్లవుతాయి. ఫ్రిజ్‌లో ఏమేమి ఉన్నాయో ఒక కాగితం మీద రాసి తలుపుకు అంటించండి. ఆలోచించడమంతా తలుపు మూసి ఉండగానే జరగాలి, తెరిచిన ఒక్కసారిలో కావలసినవన్నీ తీసుకోవాలి.

మొదటి పూట పాలు, చేప, మాంసం, తురిమిన కొబ్బరి తీయాలి. పాలు వెంటనే కాచి, పిల్లలకు కావలసినంత ఉంచుకొని, మిగిలినవి గోరువెచ్చగా అయ్యాక తోడు పెట్టేయాలి. పాలుగా నిలవనిది పెరుగుగా మరో రోజున్నర ఉంటుంది, పులిస్తే మజ్జిగపులుసుకు పనికివస్తుంది. పెరుగు గిన్నెను వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి నిలబెట్టి, పైన తడిబట్ట చుట్టి గాలి తగిలేచోట పెడితే ఎంతో కొంత చల్లగా ఉంటుంది. చేపలూ రొయ్యలూ ఫ్రీజరులోంచి తీసిన రోజే పులుసు పెట్టేయాలి. చింతపండు దండిగా వేసిన చేపలపులుసు మరునాటికి రుచిగా ఉంటుందని మా వైపు అందరూ నమ్ముతారు. నిజమే కానీ, పడుకునే ముందూ, పొద్దున లేవగానే తెర్లేదాకా కాచకపోతే ఈ ఉక్కలో దాన్ని నమ్మలేము. రెండు గంటలకు మించి చల్లదనం లేకుండా ఉన్న పచ్చి మాంసాన్ని మసాలా వేసి వండినా ప్రయోజనం లేదు, పారేయాలి. ఎండుచేపలకు ఏ తొందరా లేదు.

ఇడ్లీ పిండి ఉన్నవారికి నిజంగా అదృష్టమే, ఎందుకంటే పులిసేకొద్దీ దాని రూపం మార్చుకోవచ్చు. తీసిన పూట ఇడ్లీ, మరునాడు అట్లు, ఇంకా పులిస్తే ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి పునుగులు. ఆ తర్వాతి వరస ఆకుకూరలది, తర్వాత టమాటా, బెండ, బీరకాయలది. ఆనపకాయ, గుమ్మడి, కంద, చేమ, బంగాళాదుంప, ఉల్లిపాయలు చివరి దాకా ఆగుతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన కూరగాయలకు చెమ్మ పడుతుంది కనుక తుడిచి గుడ్డ మీద విడివిడిగా పరచాలి, కోసిన ముక్క మాత్రం ఆ పూటకే వాడాలి.

అన్నం, పప్పు

అన్నం గురించి కొంచెం విస్తరించి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. వండిన అన్నం వెచ్చగా గంటల తరబడి మూతకింద ఉంటే, ఉడికినా చావని ఒక రకం క్రిమి బీజాలు మొలకెత్తి విషాన్ని పుట్టిస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. అందుకని ఏ పూటకు ఆ పూట, మనుషుల లెక్క చూసి కొంచెం తక్కువగానే వండి, వేడి ఆరకముందే తినేయాలి. చాలనివారికి అటుకులో మరమరాలో ఉండనే ఉన్నాయి.

మిగిలితే చద్దన్నం చేసుకోవచ్చు, కానీ రాత్రంతా గిన్నెలో వదిలేసి పొద్దున మజ్జిగ పోసుకున్నది చద్దన్నం కాదు. అన్నాన్ని పళ్లెంలో పరిచి తొందరగా చల్లార్చి, కాచి చల్లార్చిన నీళ్లూ పులిసిన మజ్జిగా మునిగేలా పోసి, ఉప్పు వేసి ఉంచితే పులుపు అందుకొని పొద్దునకు చక్కగా ఉంటుంది. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకొని తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. పసిపిల్లలకూ, గర్భిణులకూ, జబ్బు మనుషులకూ మాత్రం ఆ రోజుల్లో వేడి అన్నమే పెట్టండి. ప్రయాణానికో, పొరుగువారికి పంపడానికో అయితే పులిహోర కలపడం మంచిది, చింతపండు గుజ్జూ నూనే మామూలు అన్నం కంటే దాన్ని ఎక్కువసేపు కాపాడతాయి.

గ్యాస్ పొదుపుకు నానబెట్టడాన్ని మించిన ఉపాయం లేదు. బియ్యం అరగంట, కందిపప్పు రెండు గంటలు నానితే ఉడికే సమయం బాగా తగ్గుతుంది. కుక్కరులో అడుగు గిన్నెలో పప్పూ, పైగిన్నెలో బియ్యమూ, ఆ పైన ఆనపకాయ ముక్కలూ పెడితే ఒకే మంట మీద భోజనమంతా అయిపోతుంది. కందిపప్పు కంటే పెసరపప్పు త్వరగా ఉడుకుతుంది కనుక సిలిండరు అడుగంటిన అనుమానం ఉన్నవారు దాన్నే నమ్ముకోవాలి. కుక్కరు లేకపోతే మరో పద్ధతి ఉంది. నానిన బియ్యాన్ని మందపాటి గిన్నెలో ఒకటికి రెండు నీళ్లతో తెర్లించి, నీళ్లు సగం ఇంకేదాకా ఉడికించి, మూత బిగించి దింపి, ముందు వార్తాపత్రికలతోనూ ఆపైన పాత బొంతతోనూ చుట్టి ముప్పావుగంట కదపకుండా ఉంచాలి. లోపలి వేడికే మెతుకు పూర్తిగా ఉడుకుతుంది. ఇలా చుట్టి ఉంచినది ఉడకడానికే తప్ప నిల్వకు కాదు, విప్పగానే వడ్డించేయాలి.

వంట రోజుకు రెండుసార్లు, రెండూ వెలుతురు ఉండగానే జరగాలి. మేము పొద్దున పదింటికీ సాయంత్రం అయిదింటికీ పొయ్యి వెలిగించేవాళ్లము. పొద్దుటి మంట మీదే నీళ్లు మరగబెట్టి ఫ్లాస్కులో పోసుకుంటే, రాత్రి పిల్లలకు పాలపొడి కలపడానికో, ముసలివాళ్లకు కాఫీకో మళ్లీ పొయ్యి ముట్టించనక్కరలేదు. పసివాళ్ల పాలు మాత్రం ఏ పూటకు ఆ పూట తాజాగా కలపాలి, కలిపినవి దాచకూడదు. చీకట్లో తప్పనిసరై వంట చేస్తే కొవ్వొత్తి కంటే ఫోను దీపం మేలు. దీపం పైకి ఉండేలా ఫోనును బల్ల మీద పెట్టి, దాని మీద నీళ్లు నింపిన తెల్లని సీసాను నిలబెడితే వెలుతురు గది అంతా పరుచుకుంటుంది.

మిక్సీ లేకుండా

మిక్సీ మూలపడగానే సగం వంటలు ఆగిపోయాయనిపిస్తుంది. రోలూ పొత్రమూ ఉన్న ఇంట్లో ఆ బాధ లేదు. లేనివారు అల్లం దంచుకునే చిన్న కల్వంతోనైనా వేయించిన మిరపకాయలూ, చింతపండూ, ఉప్పూ, జీలకర్రా నూరి, అందులో దోసకాయ ముక్కలు కలుపుకోవచ్చు. దోసకాయ ముక్కల పచ్చడికి ముక్కలు నలగకూడదు కనుక ఇది సర్దుబాటు వంట కూడా కాదు. తెలంగాణవారి పచ్చిపులుసు ఇలాంటి రోజుల కోసమే పుట్టిందా అన్నట్లుంటుంది. చింతపండు రసంలో ఉల్లిపాయ ముక్కలూ, పచ్చిమిర్చీ, ఉప్పూ, కొంచెం బెల్లమూ పిసికి, వీలైతే చారెడు నువ్వులు వేయించి దంచి వేస్తే అన్నంలోకి పులుసు సిద్ధం. మరగబెట్టేది కాదు కనుక చింతపండు నానబెట్టే నీళ్లు కాచి చల్లార్చినవై ఉండాలి.

రుబ్బు లేని ఫలహారాలలో నేను మొదట చెప్పేది సర్వపిండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పూ, పల్లీలూ, నువ్వులూ, కారమూ, కరివేపాకూ కలిపి, మందపాటి గిన్నె లోపలే నూనె రాసి పలుచగా తట్టి, వేలితో చిల్లులు పెట్టి మూతపెట్టి కాలిస్తే, కూర కూడా అక్కరలేని పూట గడిచిపోతుంది. గోధుమపిండి అట్టు, ఉప్మా, రాగిజావ కూడా పావుగంట పని. రాగిపిండిని ముందు చల్లని నీళ్లలో కలిపి మరిగే నీళ్లలో పోస్తే ఉండ కట్టదు.

పొయ్యి అసలే వెలగని రోజు ఒకటి వస్తుందని కూడా అనుకోవాలి. ఆ రోజుకు మంచినీళ్లలో తడిపిన అటుకుల్లో పెరుగూ ఆవకాయా, లేదా బెల్లమూ కొబ్బరీ కలిపితే కడుపు నిండుతుంది. శ్రీరామనవమికి చేసే వడపప్పు గంటన్నర నానితే చాలు. కందిపొడీ, నువ్వులపొడీ, నెయ్యీ సీసాల్లో ఉంటే వేడి అన్నం దొరికిన ఏ పూటైనా భోజనమే. పొడి సీసాలో తడి చెంచా పెట్టనివ్వకండి, ఆ తేమకు పొడి మూడో రోజే బూజు పడుతుంది.

మా మెట్ల దారిలో ఉన్న నాలుగు ఇళ్లవాళ్లమూ మూడో రోజు నుంచి ఒకే పొయ్యి వెలిగించాము. ఒక ఇంటి నుంచి బియ్యం, ఒక ఇంటి నుంచి పప్పు, మరో ఇంటి నుంచి సిలిండరు వచ్చాయి. నాలుగు చిన్న గిన్నెల కంటే ఒక పెద్ద గిన్నెకు గ్యాసూ నీళ్లూ చాలా తక్కువ పడతాయి, మిగిలే అన్నమూ ఉండదు. నలుగురున్న చోట ఇది మొదటి రోజే మొదలుపెట్టాలని ఇప్పుడు అనిపిస్తుంది.

కరెంటు వచ్చాక

కరెంటు పోయినప్పుడే మిక్సీ, ఇండక్షన్, ఫ్రిజ్ ప్లగ్గులు తీసేసి, ఒక దీపం స్విచ్ మాత్రం వేసి ఉంచండి. కరెంటు వచ్చిన సంగతి ఆ దీపమే చెబుతుంది. వచ్చిన వెంటనే వోల్టేజి ఎగుడుదిగుడుగా ఉండవచ్చు కనుక పది నిమిషాలు ఆగి ఫ్రిజ్ పెట్టాలి. ఇల్లు విడిచి శిబిరానికో బంధువుల ఇంటికో వెళ్లేవారు ముందుగా ఒక గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజరులో ఉంచి వెళ్లాలి. తిరిగి వచ్చి చూసినప్పుడు బిళ్ల పైనే ఉంటే ఫ్రీజరులోనివి కరగలేదన్నమాట. మంచు గట్టిగానే ఉన్నా బిళ్ల అడుగున ఉంటే, మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. అప్పుడు అందులోని చేపా మాంసమూ చూపుకు ఎంత బాగున్నా పారేసి, అరలను సోడా ఉప్పు కలిపిన నీళ్లతో తుడిచి, లోపల పూర్తిగా చల్లబడిన తర్వాతే కొత్త పాలు తెచ్చి పెట్టుకోవాలి.